ముందు కిటికీ వైపు

మా ఇల్లు, వంటగది బల్ల
జూన్

మావయ్యా,

ఈ ఉత్తరం అమ్మ రాయమంటే రాస్తున్నది కాదు. కాబట్టి ఇందులో క్షేమసమాచారాలు ఉండవు. నేరుగా విషయానికి వస్తున్నాను. నేను కరాటేలో చేరాను.

మా వీధి చివర కుట్టుపని నేర్పే హాలు ఉంది కదా, అక్కడే. పగలు అందులో ఆడవాళ్లు మిషన్లు తొక్కుతారు. సాయంత్రం మిషన్లన్నీ వెనక్కి జరిపి, దుప్పట్లు కప్పి హాలు మాకిస్తారు. కొత్తగా చేరినవాళ్లకి తెల్ల బెల్టు. తెల్ల బెల్టు వాళ్ల మొదటి పని గుద్దడమూ కాదు, తన్నడమూ కాదు. తాడుకి కట్టిన అయస్కాంతాన్ని నేలంతా లాగి గుండుసూదులు ఏరడం. మేం చెప్పుల్లేకుండా ఆడతాం, అందుకని. నిన్న నాకు గుప్పెడు సూదులు, ఒక హుక్కు దొరికాయి. పొడుగుకి ఏమీ దొరకలేదు. పొడుగంటే నాతోపాటు అదే రోజు చేరిన మా క్లాసు అమ్మాయి. నాకంటే తలకాయంత ఎత్తు. ఇద్దరం ప్రతి బెల్టూ ఒకే రోజు కట్టుకోవాలని ఒట్టేసుకున్నాం.

నేర్పేది ఒక మేడమ్. గట్టిగా మాట్లాడదు. గట్టిగా మాట్లాడకపోతే ఇంకా భయమేస్తుందని నాకు ఇప్పుడే తెలిసింది. మొదటి రోజు అంది, "మీ అందరికీ కుడి ఎడమలు వచ్చని మీ అమ్మలు చెప్పారు. నేను నమ్మను." అందుకని ఆవిడ క్లాసులో కుడి లేదు, ఎడమ లేదు. అద్దానికి ఎదురుగా నిలబడతాం. ఒక పక్క కిటికీ, ఇంకో పక్క తలుపు, వెనక మిషన్లు. "కిటికీ" అంటే కిటికీ వైపు, "తలుపు" అంటే తలుపు వైపు. చిన్నపిల్లలు కూడా తప్పు చెయ్యరు. ఒక్క బొండాం తప్ప. వాడికి ఆరేళ్లు. ఏ వైపు తిరగమన్నా వాళ్లమ్మ కూర్చున్న వైపే తిరుగుతాడు.

నీ మేనకోడలు,
తెల్ల బెల్టు పిడుగు

*

సొరంగం క్యాంపు, కాంటీన్
జూలై

పిడుగూ,

కరాటే అంటే ఇటుకలు పగలగొట్టడం అనుకున్నాను. సూదులు ఏరడమా? అది మీ అమ్మ కూడా చేస్తుంది, బెల్టు లేకుండానే.

ఇక్కడ కొండ లోపలికి దారి తవ్వుతున్నారు. నేను బయట క్రేన్ మీద కూర్చుని లోపలికి వెళ్లే సామాను దించుతాను. మా దగ్గర ఫోను పలకదు. ఆఫీసులో ఒకటుంది, అది ప్రమాదాలకి మాత్రమే. నీ బెల్టు గురించి ఒక నిమిషం మాట్లాడతానని అడిగితే, "అది ప్రమాదం కిందికి రాదు" అన్నాడు మేనేజరు. నిన్ను చూస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటాడు. వారానికోసారి సరుకుల లారీ వస్తుంది. నీ ఉత్తరం సబ్బుల పెట్టె మీద కూర్చుని వచ్చింది, ఇంకా వాసన వస్తోంది.

మీ మేడమ్ పద్ధతి నాకు నచ్చింది కానీ నాకు అవసరం లేదు. నేను పైన కేబిన్లో ఉంటాను. కింద జెండా నాకు ఎదురుగా నిలబడి చేతులతో దారి చూపిస్తాడు. అతని అసలు పేరు అతనికి కూడా గుర్తులేదు, అందరికీ జెండాయే. అతను తన కుడి చెయ్యి చాస్తే నేను ఎడమకి తిప్పాలి. ఉద్యోగంలో చేరిన రోజు నేర్పిన మొదటి పాఠం అది. దిక్కుల విషయంలో మీ మావయ్యకి ఎవరూ నేర్పక్కర్లేదు.

రోజంతా కూర్చుని కూర్చుని నడుము కర్రలా అయింది. పొట్ట మాత్రం కర్రలా అవలేదు.

మావయ్య

*

మా ఇల్లు, డాబా మెట్లు
అక్టోబరు

మావయ్యా,

పసుపు. పసుపు. పసుపు. మూడుసార్లు రాశాను, ఎందుకంటే అమ్మకి మూడుసార్లు చెప్పినా "ఊఁ, ముందు చేతులు కడుక్కో" అంది.

పరీక్ష ఎలా జరిగిందో చెప్తాను. దీనికి మొదటి కటా చెయ్యాలి. కటా అంటే ఎదురుగా ఎవరూ లేకపోయినా ఉన్నట్టు, ఒక వరుసలో కొట్టుకుంటూ, తప్పించుకుంటూ వెళ్లడం. మొదలుపెట్టిన చోటికే తిరిగి రావాలి. అడుగు ఎక్కడైనా పెద్దదైనా చిన్నదైనా చివర్లో వేరే చోట తేలతాం, దొరికిపోతాం. రెండుచోట్ల "కియాయ్" అని కడుపులోంచి అరవాలి. మొదలుపెట్టాక ఏమైనా సరే ఆగకూడదు.

పరీక్ష మా హాల్లో పెట్టలేదు. ఊరవతల బ్యాడ్మింటన్ కోర్టులో పెట్టారు. దానికి చుట్టూ గోడలే, పైన దీపాలు. బొండాం వంతు వచ్చింది. వాడు నిలబడి నాలుగు పక్కలా చూసి, "మేడమ్, కిటికీ ఏదండీ?" అన్నాడు.

"నీ ఒంట్లో ఉంది, వెతుక్కో" అంది మేడమ్.

వాడు నిజంగా చొక్కా పైకెత్తి చూసుకున్నాడు. పెద్ద క్లబ్బు నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన పెద్దాయన అస్సలు నవ్వడని అందరూ అంటారు. ఆయన కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బొండాం తర్వాత ఏడ్చాడు, మళ్లీ రమ్మన్నారు.

మాకందరికీ అప్పుడు అర్థమైంది, మేడమ్ కావాలనే కిటికీలు లేని చోటు చూస్తుందని. నేను బతికిపోయాను, ఎందుకంటే ఇంట్లో కళ్లకి తువ్వాలు కట్టుకుని చేశాను. మొదట రెండు రోజులు బట్టల బీరువాని గుద్దాను. తర్వాత కిటికీ ఎటుందో ఒంటికే తెలిసింది. పొడుగు కూడా పాసైంది. బెల్టు ఇంకా బిరుసుగా ఉంది, ముడి నిలబడట్లేదు, రెండు కొసలూ చెవుల్లా పైకి లేస్తున్నాయి. అలాగే కట్టుకుని పడుకున్నాను.

పసుపు బెల్టు పిడుగు

*

సొరంగం క్యాంపు, కేబిన్
నవంబరు

పిడుగూ,

నీ ఉత్తరం కాంటీన్లో పైకి చదివాను. చొక్కా ఎత్తి చూసుకున్న చోట జెండాకి పొలమారింది. వంటావిడ అతని వీపు మీద చరిచింది. ఆవిడ చరిస్తే మీ క్లబ్బులో నేరుగా నల్ల బెల్టు ఇస్తారు.

వచ్చిన లారీ ఇప్పుడే వెళ్తోంది కాబట్టి ఇంతే. ఒక్క సందేహం. పసుపు తర్వాత ఏం రంగు?

మావయ్య

*

మా ఇల్లు, వంటగది బల్ల
మార్చి

మావయ్యా,

పసుపు తర్వాత నారింజ. అది కూడా వచ్చేసింది. బొండాంకి పసుపు వచ్చింది. ఈసారి వాడు పెద్దాయన ఎదురుగా అరిచిన అరుపుకి ఆయన చేతిలో కలం కింద పడింది. కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు.

నారింజ తర్వాత ఆకుపచ్చ. దానికి మా క్లబ్బులో ఒక నియమం ఉంది. గుద్దడం, తన్నడం అవన్నీ ఉంటాయి, కానీ అసలు పరీక్ష అది కాదు. ఎప్పుడూ బెల్టు కట్టని ఒక మనిషిని వెతుక్కుని, వాళ్లకి మొదటి కటా నేనే నేర్పాలి. మేడమ్ సాయం చెయ్యదు. పరీక్ష రోజు గురువు, శిష్యుడు పక్కపక్కన నిలబడి ఇద్దరూ కలిసి చెయ్యాలి. మేడమ్ అంటుంది, "నీకు వచ్చిందో లేదో నీకు తెలియదు. నువ్వు నేర్పినవాళ్లని చూస్తే నాకు తెలుస్తుంది."

అందరికీ తమ్ముళ్లున్నారు, చెల్లెళ్లున్నారు. నాకు నువ్వున్నావు. నీ నడుముకి కూడా మంచిది. జూన్ చివర్లో పరీక్ష. నీకు ఎలాగూ ఏడాదికోసారి సెలవు ఉంటుంది కదా.

పాఠం మొదలు. అద్దానికి ఎదురుగా నిలబడు. అద్దం లేకపోతే మెరిసేది ఏదైనా ఫర్వాలేదు, నిన్ను నువ్వు చూసుకోవాలి. ముందు కిటికీ వైపు తిరిగి చేత్తో కిందికి అడ్డుకో, ఒకడుగు వేసి గుద్దు. వెనక్కి తలుపు వైపు తిరిగి అదే చెయ్యి. తర్వాత అద్దం వైపు అడ్డుకుని మూడు గుద్దులు, మూడోదానికి కియాయ్. అక్కడ పెద్ద మలుపు. గిర్రున తిరిగి తలుపు వైపు తేలాలి. తర్వాత కిటికీ. తర్వాత మిషన్ల వైపు మూడు గుద్దులు, కియాయ్. మళ్లీ పెద్ద మలుపు, కిటికీ. చివర తలుపు. బొమ్మలు కూడా వేశాను. మొహాలు బాగా రాలేదు, చేతులు చూడు.

నీ గురువు,
నారింజ బెల్టు పిడుగు

(ఇదే కవరులో వేరే చీటీ)

తమ్ముడూ,

కవరు అంటించే ముందు ఇది లోపల పెడుతున్నాను, దానికి తెలియదు. పక్కింటి పాప నేర్చుకుంటానని రోజూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతోంది. ఇది వద్దంటోంది. "మావయ్యే నా శిష్యుడు" అంటోంది. శిష్యుడు రాకపోయినా, కటా తప్పినా దీనికి బెల్టు ఇవ్వరు, ఇంకో ఆర్నెల్లు ఆగాలి. ఈలోపు ఆ పొడుగు పిల్ల పెద్ద బ్యాచిలోకి వెళ్లిపోతుంది. ఈ సంగతి నీకు రాయలేదు చూడు, రాస్తే నువ్వు జంకుతావని. మేడమ్ కూడా దగ్గరున్నవాళ్లని చూసుకోమనే చెప్పింది. నీకు సెలవు దొరికేలా లేకపోతే ఇప్పుడే చెప్పెయ్. ఆఖరి నిమిషంలో చెప్పావో, నీకూ నాకూ చెడుతుంది.

అక్క

*

సొరంగం క్యాంపు, కాంటీన్
మార్చి చివర

గురువుగారికి,

శిష్యుడు నమస్కరించి రాయునది. మీ పాఠం అందింది. బొమ్మల్లో మనిషి నేనేనా? అయితే పొట్ట తగ్గించి గీసినందుకు కృతజ్ఞతలు.

చోటు చూసుకున్నాను. పొద్దున పనికి ముందు కాంటీన్ ఖాళీగా ఉంటుంది. అద్దం లేదు కానీ స్టీలు పళ్లేలు నిలబెట్టే అల్మారా ఉంది. వంటావిడ తోమిన పళ్లేల్లో మొహం కనిపిస్తుంది, ఒక్కో పళ్లెంలో ఒక్కో మావయ్య. దానికి ఎదురుగా నిలబడతాను. మీరు అడిగినట్టే ఒక పక్క కిటికీ కూడా ఉంది. పొద్దున్నే ఎండ నా కుడి భుజం మీద పడుతుంది, వెచ్చగా బాగుంటుంది. రెండో పక్క తలుపు. వెనక మిషన్లు లేవు, పొయ్యిలున్నాయి. ఇంతకంటే ఏం కావాలి.

కిటికీ, తలుపు అయ్యాయి. పళ్లేల వైపు మూడు గుద్దుల దగ్గర ఆయాసం వచ్చింది. కియాయ్ అని అరిస్తే వంటావిడ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఎవరికేమైంది?" అంది. ఏమీ కాలేదు, నేర్చుకుంటున్నానని చెప్పాను. "ఏంటి, దగ్గడమా?" అంది.

మావయ్య

(ఇదే కవరులో వేరే చీటీ)

అక్కా,

సెలవు అడిగాను. నా బదులు ఇంకో ఆపరేటర్ వస్తే పంపుతామన్నారు. వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. దానికి మాత్రం చెప్పకు. నేను వద్దంటే అది ఇంకొకరికి నేర్పుకుంటుంది, నిజమే. వద్దనాలనే కాగితం తీశాను. తీరా చూస్తే ఆ బొమ్మలు ఎదురుగా ఉన్నాయి. నా వల్ల కాలేదు.

తమ్ముడు

*

మా ఇల్లు, డాబా మెట్లు
ఏప్రిల్

మావయ్యా,

ఎండ భుజం మీద పడుతుందని రాశావు కదా, అది నాకు చాలా నచ్చింది. మూడుసార్లు చదివాను. మా హాల్లో సాయంత్రం ఎండ మిషన్ల వెనక నుంచి వస్తుంది, మా మీద పడదు.

ఇప్పుడు రెండో పాఠం. ఇక కిటికీని చూడకు. బొండాం సంగతి గుర్తుంది కదా. పరీక్ష ఆ కిటికీల్లేని కోర్టులోనే. అక్కడ నిలబడి నువ్వు కూడా చొక్కా ఎత్తి చూసుకుంటే నా పరువు పోతుంది. కళ్లకి తువ్వాలు కట్టుకుని చెయ్యి. కిటికీ నీ ఒంట్లోకి వచ్చేదాకా చెయ్యి. పక్కన ఎవరున్నా వాళ్లని చూసి చెయ్యకు. నన్ను కూడా చూడకు.

కియాయ్ దగ్గులా ఉండకూడదు. ఎవరో నీ పళ్లెం లాక్కుపోతున్నట్టు అరవాలి.

నీ గురువు

*

సొరంగం క్యాంపు, కాంటీన్
మే

గురువుగారికి,

ఇక దాచలేను. మీకున్నది ఒక్క శిష్యుడు కాదు.

మొదటి రోజు తువ్వాలు కట్టుకుని పళ్లేల అల్మారాని గుద్దాను. ఆ చప్పుడుకి క్యాంపు మొత్తం సొరంగం కూలిందనుకుంది. జెండా వచ్చి చూసి, "నీకు రోజూ కింద నుంచి దారి చెప్పేది నేనే కదా, ఇది కూడా నేనే చెప్తా" అని పక్కన నిలబడ్డాడు. మర్నాడు తనూ చెయ్యడం మొదలుపెట్టాడు. తర్వాత వెల్డర్ వచ్చాడు. అతని వెనక లోపల తవ్వేవాళ్లు. ఇప్పుడు పొద్దున్నే కాంటీన్లో మూడు వరుసలు నిలబడుతున్నాం. అందరం ఒకేసారి కిటికీ వైపు తిరుగుతాం, అందరి మీదా ఎండ పడుతుంది. మీ ఉత్తరాలు గోడకి అంటించారు. ఏదైనా గొడవ వస్తే "గురువుగారు ఏమని రాశారు?" అని వెళ్లి చదువుతారు. గురువుగారికి పదకొండేళ్లని చెప్పాను. "అయితే ఏంటి?" అన్నాడు వెల్డర్.

పళ్లెం లాక్కుపోతున్నట్టు అరవమన్నారు కదా. ఆ పాఠం అందరికంటే బాగా వంటావిడకి వచ్చింది. ఆవిడ కియాయ్ అంటే మేం నిజంగానే పళ్లేలు వదిలేస్తున్నాం.

ఒక్కటే ఇబ్బంది. పళ్లేల అల్మారా పక్కన, సరిగ్గా పెద్ద మలుపు తిరిగే చోట, ఒక బల్ల ఉంది. నేలకి బిగించేశారు, కదలదు. మోకాలు చిట్లింది. ఇప్పుడు ఆ చోట కాలు దగ్గరగా లాక్కుని తిరిగి, తర్వాత అడుగు సరిచేసుకుంటున్నాను. కళ్లు మూసుకున్నా బల్ల ఎక్కడుందో తెలుస్తోంది. అంటే ఒంట్లోకి వచ్చినట్టే కదా?

మావయ్య

*

మా ఇల్లు, వంటగది బల్ల
జూన్

మావయ్యా,

నాకు అంతమంది శిష్యులున్నారని క్లాసులో చెప్తే పొడుగు నమ్మలేదు. ఉత్తరం చూపించాను. మేడమ్ తీసుకుని చదివింది. నాకు తిరిగిచ్చేటప్పుడు ఒక పక్క మూతి నవ్వింది. రెండో పక్క నవ్వలేదు, కానీ ఒక పక్క నిజంగా నవ్వింది.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. అమ్మ నీకు చీటీ పెట్టిందని నాకు తెలుసు. ఆ కవరు నేను అంటించబోతే "ఇటివ్వు" అంది. మా అమ్మ ఎప్పుడైనా కవరు అంటించిందా? కాబట్టి పరీక్ష తప్పితే ఏమవుతుందో నీకు తెలుసు. పక్కింటి పాపకి పొడుగు నేర్పేసింది. ఇప్పుడు నాకు వేరే ఎవరూ లేరు.

వచ్చే నెల కాదు, ఈ నెల చివరి ఆదివారం, పొద్దున. నువ్వు వస్తున్నావా?

పిడుగు

*

సొరంగం క్యాంపు, ఆఫీసు వరండా
జూన్

పిడుగూ,

నా బదులు రావాల్సిన మనిషి ఇంకా రాలేదు. ఇన్నాళ్లూ దాచాను, ఇప్పుడు దాచను. జెండా, వంటావిడ, వెల్డర్ ముగ్గురూ కలిసి మేనేజరు గదిలోకి వెళ్లారు. "ఇది ప్రమాదం కిందికి వస్తుంది" అని వంటావిడ అంటుంటే బయటికి వినిపించింది. ఆయన ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

వస్తే ఆదివారం పొద్దున బస్సు దిగి నేరుగా కోర్టుకే వస్తాను. ఇంటికొచ్చి రిహార్సల్ చేసుకునే టైము ఉండదు. సాయంత్రం మళ్లీ బస్సెక్కాలి. నువ్వు మాత్రం సిద్ధంగా నిలబడు.

మావయ్య

*

సొరంగం క్యాంపు, కాంటీన్
జూలై

గురువుగారికి,

వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ నాకు తిండి పెట్టట్లేదు. జరిగింది మొత్తం చెప్తేగానీ పళ్లెం ఇవ్వనని వంటావిడ కూర్చుంది. వాళ్లకి చెప్పినట్టే నీకూ రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు అక్కడే ఉన్నా నా వైపు నుంచి చూడలేదు.

బస్సు ఆలస్యమైంది. కోర్టు తలుపు తోసుకుని వచ్చేసరికి పొడుగు, పక్కింటి పాప కటా చేసి పక్కకి వస్తున్నారు. ఆ పాప మధ్యలో వాళ్లమ్మకి చెయ్యి ఊపిందట, అయినా పాసే. నువ్వు ఒక్కదానివే గీత మీద నిలబడి ఉన్నావు. నన్ను చూసి ఎగరలేదు, అరవలేదు. "బూట్లు విప్పు మావయ్యా, ప్యాంటు మడుచుకో" అన్నావు. నా సాక్సులోంచి బొటనవేలు బయటికొచ్చింది, అందరూ చూశారు.

నువ్వు ఎడమ పక్క, నేను కుడి పక్క. పెద్దాయన తల ఊపాడు. నిన్ను చూడొద్దన్నావు కాబట్టి చూడలేదు. నా లోపల మా కాంటీన్ ఉంది. ఎండ తగిలే వైపు తిరిగాను, అడ్డుకున్నాను, గుద్దాను. వెనక ఎవరో నవ్వారు. నా సాక్సు గురించి అనుకున్నాను. తలుపు వైపు తిరిగాను.

తలుపు ఉండాల్సిన చోట నువ్వున్నావు.

నీ పిడికిలి, నా పిడికిలి జానెడు దూరంలో ఆగాయి. మీ కిటికీ మీకు ఎడమ వైపు ఉందని అప్పుడు తెలిసింది. నేను ఇన్ని నెలలు మొత్తం తిరగేసి నేర్చుకున్నాను. రోజూ జెండా కుడి చెయ్యి చాస్తే ఎడమకి తిప్పే మనిషిని నేను. నీ కళ్లు పెద్దవయ్యాయి, మొహం మాత్రం మారలేదు. నేను ఆగిపోబోయాను. పెదాలు కదపకుండా నువ్వు "అద్దం" అన్నావు.

అంతే, ఇద్దరం ముందుకి తిరిగాం. మూడు గుద్దులు, ఒకే కియాయ్. పెద్ద మలుపులో మళ్లీ ఎదురుపడ్డాం, విడిపోయాం, వెనక్కి వెళ్లాం, మళ్లీ అరిచాం. హాల్లో నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలియదు. ఆఖరి గుద్దు నీది నా వైపు, నాది నీ వైపు. ఇద్దరం మొదలుపెట్టిన చోటికే వచ్చాం.

"ఎవరిది తప్పు?" అన్నాడు పెద్దాయన.

"నాదండీ. క్రేన్ నడుపుతాను. కుడి ఎడమలు తెలియాల్సినవాణ్ణి" అన్నాను.

"కాదండీ, నాది. కిటికీ వైపని రాశాను. వాళ్ల కిటికీ ఎటుందో మావయ్య రాశాడు. మూడుసార్లు చదివాను కానీ చూసుకోలేదు" అన్నావు నువ్వు.

"పిల్లలకి కిటికీ అని నేర్పేది నేనండీ. అక్కణ్ణుంచే మొదలైంది" అంది మీ మేడమ్.

పెద్దాయన మా ముగ్గుర్నీ చూశాడు. "తప్పు నాదంటే నాదని ఇలా ఎగబడేవాళ్లని నేనెక్కడా చూడలేదు" అన్నాడు. తర్వాత నీతో అన్నాడు, "మీ మావయ్య తిరగేసి నేర్చుకున్నాడు. కానీ ఎక్కడా ఆగలేదు, పూర్తిగా నేర్చుకున్నాడు. శిష్యుడికి వచ్చింది గురువుకి రావాలి కదమ్మా. ఆయన చేసినట్టే, ఆయన వైపు నుంచి, నువ్వు చేసి చూపించు."

"ఎప్పుడండీ?"

"ఇప్పుడే."

"అది మాకు నేర్పలేదండీ" అని వెనక నుంచి పొడుగు అంది. మేడమ్ ఒక్క చూపు చూసింది. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే జెండాని అడుగు.

నువ్వు వెళ్లి నేను నిలబడ్డ చోట నిలబడ్డావు. కళ్లు మూసుకున్నావు. చాలాసేపు ఊరికే ఉన్నావు. మర్చిపోయావేమో అనుకున్నాను. అప్పుడు కుడికి తిరిగావు. కళ్లు మూసుకునే చివరిదాకా చేశావు. మా పళ్లేల దగ్గరొచ్చే పెద్ద మలుపులో మాత్రం కాలు కొంచెం తడబడింది. కానీ ఆగలేదు. కళ్లు తెరిచేసరికి మొదలుపెట్టిన గీత మీదే ఉన్నావు.

ఆకుపచ్చ బెల్టు మీ మేడమ్ కట్టింది. నాకు తెల్లది ఇచ్చింది. "ఇక సూదులు ఏరుకోండి" అంది. పొడుగు నిన్ను ఎత్తుకుని తిప్పుతుంటే మీ ఇద్దరి బెల్టుల్లో ఏది ఎవరిదో తెలియలేదు.

బస్సు కదిలేటప్పుడు అడిగాను, కళ్లు మూసుకుని ఏం చూశావే అని. నువ్వేదో అన్నావు, హారన్లో కలిసిపోయింది. ఇక్కడ అందరూ అదే అడుగుతున్నారు.

ఇంకో మాట. ఇక్కడివాళ్లందరికీ తప్పు నేర్పానని చెప్పాను. "అందులో ఏముంది, పొయ్యిల వైపు తిరిగి నిలబడదాం, కిటికీ ఎడమకి వస్తుంది" అన్నాడు జెండా. నిలబడ్డాం. కిటికీ ఎడమకి వచ్చింది. అందరం ఒకేసారి కుడికి తిరిగాం.

తెల్ల బెల్టు మావయ్య

*

మా ఇల్లు, వంటగది బల్ల
జూలై

మావయ్యా, ఇంకా కాంటీన్లో ఉన్న నా శిష్యులందరికీ,

కొత్త పాఠం. ఈసారి కిటికీ మాట ఎవరూ ఎత్తకండి. మావయ్య ఈ ఉత్తరం పైకి చదువుతుంటే అందరూ నిలబడండి. ఎడమ చెయ్యి పైకెత్తండి. ఎత్తారా? ఇప్పుడు మావయ్య చదవడం ఆపాలి, అందరూ ఒకళ్లనొకళ్లు చూసుకోవాలి. వేరే చెయ్యి ఎత్తినవాళ్లు దించి మార్చుకోండి. జెండా బాబాయ్ మావయ్యకి ఎదురుగా నిలబడకూడదు, పక్కన నిలబడాలి. ఇవాళ్టికి ఇంతే.

మేడమ్ మా హాల్లో కూడా మార్చేసింది. ఇప్పుడు ఎడమ, కుడి అంటోంది. పెద్ద బ్యాచి వాళ్లం బాగానే తిరుగుతున్నాం. బొండాం మాత్రం ఇంకా వాళ్లమ్మ వైపే.

బస్సు దగ్గర అడిగావు కదా, ఇప్పుడు చెప్తాను. పెద్దాయన "ఇప్పుడే" అన్నప్పుడు మొదట కుడిని ఎడమ చేసి, ఎడమని కుడి చేసి లెక్కేశాను. తల తిరిగింది. రెండో మలుపుకే అంతా కలిసిపోయింది. అందుకని అది వదిలేసి మీ కాంటీన్లోకి వెళ్లాను. నేనెప్పుడూ చూడలేదు కానీ నువ్వు అన్నీ రాశావు. ఎదురుగా పళ్లేలు, ఒక్కో దాంట్లో ఒక్కో పిడుగు. వెనక పొయ్యిలు. తలుపు దగ్గర గరిటె పట్టుకుని వంటావిడ. ఎండ కుడి భుజం మీద పడింది, నిజంగా వెచ్చగా అనిపించింది. అప్పుడు ఏదీ తిరగెయ్యక్కర్లేదు. నాకు వచ్చిన కటాయే. ముందు కిటికీ వైపు తిరిగాను.

పరీక్ష కాగితం నిన్న ఇచ్చారు. అమ్మ దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. అన్నీ బాగున్నాయని రాసి, కింద పెద్దాయన ఒక గీత గీసి, "పెద్ద మలుపులో కాలు తడబడింది" అని రాశాడు. నువ్వూ అదే రాశావు.

తడబడలేదు మావయ్యా. అక్కడ మీ బల్ల ఉంది.

ఆకుపచ్చ బెల్టు పిడుగు